ఊగిసలాడే ఇంజిన్: గవర్నర్ గుండ్ల నుంచి కామన్ రైల్ దాకా

చదునైన రోడ్డు మీద గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్న డీజిల్ పికప్, యాక్సిలరేటర్ మీద కాలు కదపకపోయినా ఒకసారి ముందుకు గుంజి, మరుక్షణం సడలి, మళ్లీ గుంజుతుంటే ఆ జబ్బును మెకానిక్కులు హంటింగ్ అంటారు. ఇంజిన్ చప్పుడు అలలాగా లేచి పడుతుంది. టాకోమీటర్ ముల్లు వంద, రెండు వందల చుట్ల మేర అటూ ఇటూ ఊగుతుంది. గేరు మార్చినా, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినా పోతుంది, నిలకడగా నడిపితే మళ్లీ వస్తుంది. ఈ జబ్బు డీజిల్ ఇంజిన్ కన్నా చాలా పాతది. దాని మూలాలు ఆవిరి యంత్రాల కాలంలో ఉన్నాయి.

1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నర్ బిగించాడు. పిండిమరలు తిప్పే గాలిమరల్లో అలాంటి ఏర్పాటు అంతకు ముందే ఉంది. షాఫ్టు వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుంటాయి, వాటికి తగిలించిన లీవరు ఆవిరి కవాటాన్ని కాస్త మూస్తుంది. వేగం తగ్గితే గుండ్లు దగ్గరికి వస్తాయి, కవాటం తెరుచుకుంటుంది. చిక్కంతా ఆలస్యంలో ఉంది. కవాటం మూసుకున్నాక వేగం తగ్గడానికి కొంత సమయం పడుతుంది. ఆలోగా గవర్నర్ మరింత మూసేస్తుంది. తర్వాత తప్పు దిద్దుకోబోయి అవసరానికి మించి తెరుస్తుంది. యంత్రం సరైన వేగాన్ని వెతుక్కుంటూ దాని చుట్టూ ఊగుతుంది. వేట అన్న అర్థమున్న మాట ఈ జబ్బుకు పేరైంది అందుకే.

గ్రీనిచ్ వేధశాల ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1840లో టెలిస్కోప్‌ను నిలకడగా తిప్పే గడియారపు గవర్నర్‌లో ఇదే ఊపును చూసి, దానికి గణితం వెతికాడు. 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల మీద రాసిన వ్యాసం ఆ పనిని ఒక కొలిక్కి తెచ్చింది. ఏ పరిస్థితిలో ఊపు దానంతట అదే చల్లారుతుందో, ఏ పరిస్థితిలో పెరిగిపోతుందో ఆయన సమీకరణాలతో తేల్చాడు. మొరటుగా చేసిన పాత గవర్నర్లలో రాపిడి ఎక్కువ, ఆ రాపిడే ఊపును అణిచేది. పనితనం మెరుగై భాగాలు నున్నగా తిరగడం మొదలయ్యాక హంటింగ్ ఎక్కువైంది. వర్క్‌షాపులో పట్టుకునే జబ్బు గణిత శాస్త్రంలో కొత్త శాఖకు దారితీయడం ఇంజినీరింగ్ చరిత్రలో అరుదైన గౌరవం.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ 1897లో ఔగ్స్‌బర్గ్‌లో అధికారిక పరీక్షకు నిలిచింది. అప్పటి నుంచి గవర్నర్ బాధ్యత మరింత పెరిగింది. పెట్రోల్ ఇంజిన్‌లో లోపలికి పోయే గాలినే థ్రాటిల్ అదుపు చేస్తుంది. సంప్రదాయ డీజిల్ ఇంజిన్‌కు ఆ థ్రాటిల్ లేదు. గాలి పూర్తిగా పీల్చుకుంటుంది, వేగాన్ని నిర్ణయించేది సిలిండర్‌లో పడే డీజిల్ మోతాదు ఒక్కటే. ఆ మోతాదు ఒక్కసారికి చాలా కొద్దిగా ఉంటుంది. అందులో కొద్దిపాటి తేడా వచ్చినా నడకలో తెలిసిపోతుంది. లోడు లేని డీజిల్ ఇంజిన్‌కు గవర్నర్ తప్పితే అది అదుపు లేకుండా వేగం పెంచుకుంటూ పోయి తనను తానే విరగ్గొట్టుకోగలదు.

1927లో రాబర్ట్ బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపుల వరుస ఉత్పత్తి మొదలుపెట్టింది. పంపు వెనుక పెట్టెలో గుండ్లు, స్ప్రింగులు, లీవర్ల గవర్నర్ ఉండేది. ఈ గవర్నర్లలో రెండు జాతులున్నాయి, వాటి తేడా తెలియకుండా హంటింగ్‌ను పట్టుకోవడం కష్టం. మొదటి రకం ఐడిలింగ్‌లో, గరిష్ఠ వేగంలో మాత్రమే పనిచేస్తుంది. మధ్య వేగాల్లో డ్రైవర్ కాలే గవర్నర్. రెండో రకం అన్ని వేగాల్లోనూ జోక్యం చేసుకుంటుంది. మొదటి రకం పంపున్న బండి ఎనభై దగ్గర ఊగుతుంటే గవర్నర్ స్ప్రింగును అనుమానించడం వృథా, గాలి దూరిందేమో చూడాలి. రెండో రకంలో స్ప్రింగులు, పిన్నులు, అరిగిన బుష్‌లు అన్నీ అనుమానితులే. తోలు డయాఫ్రంతో గాలి పీడనం మీద పనిచేసే గవర్నర్లూ వచ్చాయి. ఆ తోలు ఎండి చీలితే బండి ఊగేది.

భారతదేశంలో ఈ విద్య బెంగళూరు మీదుగా పాకింది. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ తన పొట్టి పేరు మైకోతో పంపులు, నాజిళ్లు చేసింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా తెలుగు మెకానిక్కుల నోట మైకో పంపు అన్న మాట పోలేదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పంపు కాలిబ్రేషన్ ఒక ప్రత్యేక వృత్తిగా నిలిచింది. టెస్ట్ బెంచ్ మీద పంపు బిగించి, ప్రతి సిలిండర్ వంతు డీజిల్‌ను గాజు గొట్టాల్లో పట్టి, మట్టాలు సమానంగా ఉన్నాయో లేదో చూసి దిద్దే ఆ చేతుల్లో ఓర్పు ఎక్కువ.

డీజిల్ పికప్ పెద్ద ఎత్తున ఇళ్ల ముందుకు వచ్చింది అమెరికాలో. జనరల్ మోటార్స్ 1978 మోడల్ పికప్‌లో ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ ఇంజిన్ పెట్టింది, 1982లో 6.2 లీటర్ల ఇంజిన్ తెచ్చింది. 1983లో ఫోర్డ్ 6.9 లీటర్లది, 1989లో డాడ్జ్ కమిన్స్ 5.9 లీటర్లది వచ్చాయి. జనరల్ మోటార్స్ 6.2కు, ఫోర్డ్ 6.9కు స్టానడైన్ కంపెనీ రోటరీ డీబీ2 పంపు ఉండేది. ఆ పంపు హంటింగ్ కథ రబ్బరు లాంటి చిన్న రింగు చుట్టూ తిరుగుతుంది. గవర్నర్ గుండ్లను పట్టుకునే పంజరంలో అదురు తగ్గించేందుకు పెట్టిన ఆ రింగు, ఏళ్ల తరబడి డీజిల్‌లో నాని గట్టిపడి పొడి అయ్యేది. పంజరం వదులై ఇంజిన్ ఊగేది. నల్లని ముక్కలు పైకి కొట్టుకుపోయి, మిగులు డీజిల్ టాంకీకి తిరిగి వెళ్లే చిన్న కవాటంలో ఇరుక్కునేవి, చివరికి ఇంజిన్ ఆగిపోయేది. దీనికి పంపు మొత్తం విప్పే పనిలేని పరీక్ష ఒకటుంది. పక్కనున్న చిన్న కిటికీ మూత తీసి, స్క్రూడ్రైవర్‌తో పంజరాన్ని కాస్త తిప్పి వదలాలి. రింగు బాగుంటే పంజరం వెనక్కి వస్తుంది. పోయి ఉంటే తిప్పిన చోటే ఉండిపోతుంది.

గాలి దూరడం అంతకన్నా సాధారణ కారణం, మోసకారి కూడా. టాంకీ నుంచి డీజిల్ పీల్పుతో వచ్చే బండ్లలో గొట్టం కీలు వదులైతే బయటికి చుక్క కూడా కారదు. గాలి మాత్రం లోపలికి పోతుంది. పంపు ముందు అడుగు పొడవు పారదర్శక గొట్టం బిగించి బండి నడిపితే బుడగల వరుస కంటికి కనిపిస్తుంది. బుడగ పంపులో పడ్డ క్షణం ఇంజిన్ సడలుతుంది, అది దాటగానే లాగుతుంది.

1990లలో గుండ్ల స్థానంలో కంప్యూటర్ చేరింది. 1994 నుంచి ఫోర్డ్ 7.3 లీటర్ల ఇంజిన్‌లో ఇంజిన్ ఆయిల్ పీడనమే ఇంజెక్టర్లను నడిపించేది. ఆ పీడనాన్ని కొలిచే సెన్సార్ తీగలోకి ఆయిల్ ఊరితే కంప్యూటర్‌కు తప్పుడు కొలత అంది ఇంజిన్ ఊగేది. సెన్సార్ తీగ ఊడదీసి నడిపి చూడటం అప్పటి మెకానిక్కులు కనిపెట్టిన తెలివైన పద్ధతి. తీగ లేకపోతే కంప్యూటర్ తన లెక్క ప్రకారం పనిచేస్తుంది. ఊపు ఆగితే తప్పు సెన్సార్‌దే.

1998 మధ్యలో వచ్చిన డాడ్జ్ పికప్‌లలో మరో గుణపాఠం దొరికింది. వాటి బాష్ వీపీ44 పంపు తనలోంచి పారే డీజిల్‌తోనే చల్లబడుతుంది. టాంకీ నుంచి డీజిల్ తోసే చిన్న ఎలక్ట్రిక్ పంపు నీరసిస్తే ఖరీదైన పెద్ద పంపు పాడయ్యేది. డ్యాష్‌బోర్డు పక్కన డీజిల్ పీడనం చూపే గేజీ బిగించుకోవడం యజమానులకు అలవాటైంది. ఇంకో వింత ఏమంటే, ఆటోమేటిక్ గేరున్న ఆ బండ్లు గంటకు 45 మైళ్ల దగ్గర ఊగితే తప్పు చాలాసార్లు ఇంజిన్‌ది కాదు. ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ అవుతూ, విడిపోతూ ఉండేది. ఆల్టర్నేటర్ డయోడ్లు పాడై కరెంటులో వచ్చే చెత్త, యాక్సిలరేటర్ సెన్సార్ సంకేతాన్ని చెరపడమే అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. బ్రేకు పెడల్‌ను వేలితో ముట్టినట్టు తాకితే కన్వర్టర్ విడిపోతుంది. అప్పుడు ఊపు పోతే ఇంజిన్ నిర్దోషి.

ఫియట్ సంస్థల పరిశోధనను బాష్ పూర్తిచేయగా, 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ అధిక పీడనంతో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, యూరప్ రోడ్ల మీదికి వచ్చింది. 2001లో జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్‌తో, 2003లో డాడ్జ్ కమిన్స్‌తో అది అమెరికా పికప్‌లకు చేరింది. తెలుగు రాష్ట్రాల్లో పాలు, కూరగాయలు, కోళ్లు మోసే కొత్త పికప్‌లు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నియమాల కింద ఎలక్ట్రానిక్ అదుపులోనే నడుస్తున్నాయి. ఇప్పుడు రైలులో వెయ్యి బార్‌కు పైగా పీడనం ఉంటుంది. దాన్ని సర్దే చిన్న కవాటం నీటి తుప్పుతోనో దుమ్ముతోనో పట్టేస్తే పీడనం పెరుగుతూ తరుగుతూ ఊగుతుంది. వాట్ కవాటానికి పట్టిన జబ్బే ఇది.

స్కానర్‌లో రెండు గీతలు చూడాలి: కంప్యూటర్ కోరిన పీడనం, నిజంగా ఉన్న పీడనం. కోరిన గీత నిలకడగా ఉండి, ఉన్న గీత ఊగితే కవాటం, పంపు, ఫిల్టర్, గొట్టాలు వెతకాలి. కోరిన గీతే ఊగితే ముందు యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్‌ను చూడాలి. షెడ్డులో నిలబెట్టి తీసిన గీతలు చాలవు, జబ్బు వచ్చే వేగంలో, అదే గేరులో, అదే లోడుతో రోడ్డు మీద తీయాలి.