రక్షణ కోసం పెరిగిన భయము – 1962 క్యూబా నేర్పిన పాఠము



దొంగల భయంతో ఒకాయన ప్రహరీగోడ ఎత్తు పెంచి, దానిమీద గాజు పెంకులు గుచ్చించాడు. అది చూసి పక్కింటాయన "నా మీదే అనుమానం కాబోలు" అనుకుని పెద్ద కుక్కను తెచ్చి కట్టేశాడు. కుక్కను చూసి మొదటాయన తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. ఇద్దరిలో ఎవరికీ పోట్లాడే ఉద్దేశం లేదు. అయినా ఇద్దరికీ నిద్ర లేదు!

దేశాల మధ్య జరిగేది కూడా ఇదే. ఇరుగుపొరుగు తగవులకు పోలీసు ఠాణా, కోర్టు ఉన్నాయి. దేశాలపైన అటువంటి పెద్దదిక్కు లేదు. కాబట్టి ప్రతి దేశమూ తన రక్షణ తానే చూసుకోవలసి వస్తున్నది. ఒకరు రక్షణకని సమకూర్చుకున్న ఆయుధము ఎదుటివారికి దాడి సన్నాహముగా కనబడుతుంది. దీనికి జాన్ హెర్జ్ అనే పండితుడు 1950లో 'భద్రతా సందిగ్ధము' అని పేరు పెట్టాడు. పేరు కొత్తదే గాని సంగతి పాతది. క్రీ.పూ. 431లో మొదలైన యుద్ధానికి అసలు కారణము ఏథెన్సు బలము పెరగడము, దాన్ని చూసి స్పార్టా భయపడడము అని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ ఏనాడో వ్రాశాడు.

ఈ మాట ఎంత నిజమో 1962 అక్టోబరులో ప్రపంచమంతా చూసింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో అమెరికా శిక్షణ ఇచ్చిన ప్రవాస క్యూబన్లు బే ఆఫ్ పిగ్స్ వద్ద దిగి ఓడిపోయారు. మళ్ళీ దాడి తప్పదని క్యాస్ట్రో భయము. సోవియట్ పొరుగున టర్కీలో అమెరికా నిలిపిన 15 అణుక్షిపణులు క్రుశ్చేవ్‌కు కంట్లో నలుసు. అందుచేత ఆయన రహస్యముగా క్యూబాకు క్షిపణులు చేర్చాడు. ఆయన లెక్కలో అది రక్షణ. తమ తీరానికి 90 మైళ్ళలో వాటిని చూసిన అమెరికాకు అది దాడి!

అక్టోబరు 14న గూఢచారి విమానము ఆ స్థావరాల ఫోటోలు తీసింది. 22న అధ్యక్షుడు కెనడీ నౌకా దిగ్బంధము ప్రకటించారు. 27వ తేదీ శనివారము అన్నిటికన్నా గండము. క్యూబాపై అమెరికా విమానమొకటి కూల్చివేయబడి పైలట్ మరణించాడు. ఆనాడే సముద్రములో ఒక సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి అమెరికా నౌకలు హెచ్చరిక బాంబులు వేశాయి. యుద్ధము మొదలైందేమోనని దాని కెప్టెన్ అణు టార్పెడో వైపు చూశాడనీ, వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఆయనను శాంతపరచాడనీ చాలా ఏళ్ళ తరువాత బయటపడింది.

28న క్రుశ్చేవ్ క్షిపణులు తీసివేయడానికి ఒప్పుకున్నాడు. క్యూబాపై దండెత్తబోమని కెనడీ మాట ఇచ్చారు. టర్కీలోని క్షిపణులు తీసివేస్తామన్న మాట మాత్రము లోపల్లోపల ఇచ్చి, 1963 ఏప్రిల్ నాటికి చెల్లించారు. ఐక్యరాజ్యసమితి తాత్కాలిక ప్రధాన కార్యదర్శి, బర్మా దేశీయుడైన ఊ థాంట్ ఇరువురికీ నచ్చజెప్పిన సంగతి కూడా మరువరాదు.

ఇద్దరి వద్దా అణుబాంబు ఉండబట్టే యుద్ధము రాలేదని కొందరంటారు. దీనినే 'నిరోధము' అంటారు. అందులో కొంత నిజమున్నది. కాని భయము చేతిని ఆపనూగలదు, తొందరపెట్టనూగలదు. ఆ శనివారమే అందుకు సాక్షి. ఆ సంగతి గ్రహించే 1963 జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సందేశాలు పంపే హాట్‌లైన్‌కు ఒప్పందము కుదిరింది. ఆగస్టులో అణుపరీక్షలను పరిమితము చేసే ఒడంబడిక జరిగింది.

మన ఉపఖండములోనూ ఇటువంటి ప్రయత్నము ఒకటున్నది. పరస్పరము అణుకేంద్రాలపై దాడి చేయరాదని భారత్, పాకిస్తాన్‌లు 1988 డిసెంబరు 31న ఒప్పందము చేసుకున్నాయి. 1992 జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు మొదటిసారి మార్చుకున్నాయి. 1999లో కార్గిల్‌లో రక్తము చిందిన తరువాత వచ్చిన జనవరిలో కూడా ఆ మార్పిడి ఆగలేదు.

గోడలు కూల్చివేయమని మేము అనడము లేదు. ఇంటికి గోడ కావలసిందే. అయితే గోడ కట్టేముందు పక్కింటాయనతో ఒక మాట అనాలి, కట్టిన తరువాత కూడా పలకరింపు మానరాదు. కోపము కంటే అపోహ వలననే ప్రపంచము ఎక్కువ ప్రమాదములో పడిందని ఆ పదమూడు రోజులు మనకు చెబుతున్నాయి.