నేల కింది నీళ్లకు తూకం: వైరాకీ నుంచి పటాన్‌చెరు దాకా

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఇప్పటికీ చాలా చోట్ల బోరే దిక్కు. బోరులో టేపు దించితే నీటిమట్టం తెలుస్తుంది. మరి మొత్తం ఎన్ని నీళ్లు పోయాయి? తవ్వకుండా తూకం వేసి చెప్పే పద్ధతి ఒకటుంది. దానికి పేరు తెచ్చింది మాత్రం ఆవిరి.

న్యూజిలాండ్‌లోని వైరాకీలో 1958లో భూగర్భంలోని వేడినీళ్లు, ఆవిరితో కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఎంత తోడారో లెక్కుంది, లోపల ఎంత తగ్గిందో లేదు. అందుకే 1961 నుంచి అవే గుర్తుల దగ్గర గ్రావిమీటర్ పెట్టి మళ్లీ మళ్లీ కొలిచారు. కింద బరువు తగ్గితే పైన గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, రెండు వెర్షన్ల మధ్య డిఫ్ అన్నమాట. తోడిన బరువులోంచి తగ్గిన బరువు తీసేస్తే, చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చిందెంతో తేలుతుంది. ట్రెవర్ హంట్ 1970లో ఈ లెక్కే ప్రచురించారు. ఒక చిక్కుంది. నీళ్లు పోయి అక్కడ నేల కుంగింది. నేల ఒక మీటరు దిగితే గురుత్వం దాదాపు 300 మైక్రోగాల్ పెరిగి, అసలు తగ్గుదలను కప్పేస్తుంది. అందుకని ప్రతిసారీ ఎత్తు కూడా కొలవాల్సిందే. (మైక్రోగాల్ అంటే భూమి ఆకర్షణలో వంద కోట్లలో ఒక వంతు!)

అదే 1961లో మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ పుట్టింది. అక్కడి వి.ఎం. తివారీ, ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాల డేటా పట్టుకున్నారు. ఉత్తర భారతం, దాని చుట్టుపక్కల ప్రాంతం ఏటా సుమారు 54 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోగొట్టుకుంటోందని 2009లో తేల్చారు.

మరి పటాన్‌చెరు సంగతి? గ్రేస్ కంటికి వందల కిలోమీటర్ల మేర ఒకటే చుక్క, మన పారిశ్రామికవాడ అందులో కనిపించదు. పోనీ గ్రావిమీటర్ పట్టుకుని మనమే తిరుగుదామా? మనది గ్రానైట్ నేల. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో ఇండో-ఫ్రెంచ్ బృందం లెక్క ప్రకారం, మట్టం మారే పొరలో తోడితే వచ్చే నీరు సుమారు 1.4 శాతమే. ఇక్కడా అంతే అనుకుందాం. మట్టం పది మీటర్లు పడిపోయినా పోయింది 14 సెంటీమీటర్ల నీరు. అంటే దాదాపు 6 మైక్రోగాల్. ఫీల్డ్‌లో పరికరం పొరపాటే అంత ఉంటుంది. పైగా వానాకాలం మట్టిలో చేరే తేమ కూడా ఆ మాత్రం తేడా చూపించగలదు. బోరు ఎండిపోయే కరువు ఇక్కడ గ్రావిమీటర్‌కు గుసగుసలా వినిపిస్తుందంతే.

ఇంకొకటి. నక్కవాగు చుట్టుపక్కల జనం కొట్లాట ఎన్ని నీళ్లన్నది ఒక్కటే కాదు, ఎలాంటి నీళ్లన్నది. రసాయనం కలిసిన లీటరైనా, మంచినీళ్ల లీటరైనా ఈ తూకంలో దాదాపు ఒకటే. అక్కడ మాత్రం టేపు, నీటి శాంపిల్ సీసా తప్పవు.

ఈ పద్ధతి పనికొచ్చే చోటు మణుగూరు వైపు ఉండొచ్చు. పగిడేరులో సింగరేణి వేడినీళ్ల బోరు మీద 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది. దాన్ని పెంచే ఆలోచనే ఉంటే, మొదటి గ్రావిటీ సర్వే తోడకం పెరగకముందే చేసి పెట్టుకోవాలి.