రెండు సీట్ల కల

ఆడవాళ్ళకి నగల మీదా చీరల మీదా ఉన్నంత మోజు మగవాళ్ళకి దేని మీదా ఉండదని లోకంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది మగవాళ్ళే అయి ఉంటారు. కాసులపేరు కావాలని పదేళ్ళు పోరిన ఇల్లాలు, పదకొండో ఏట ఇంట్లో పిల్ల పెళ్ళి వస్తే తన ముచ్చట మరిచిపోతుంది. మరి పద్నాలుగో ఏట ఒక కారును చూసి మనసు పారేసుకున్న కుర్రాడు, డెబ్భయ్యో ఏట కళ్ళజోడు సవరించుకుంటూ వెళ్ళి ఆ కారే కొని తెచ్చుకుంటే ఏమనాలి? అమెరికాలో అలాంటి వాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు. వాళ్ళ మనసు దోచిన ఆ కారు పేరు కార్వెట్.

కారంటే మనకు తెలిసింది ఇంటిల్లిపాదీ ఎక్కేది. ముందు సీట్లో మామగారు, కిటికీ పక్కన సీటు కోసం కొట్టుకునే పిల్లలు, డిక్కీలో ఆవకాయ జాడీ. కార్వెట్ అలాంటి సంసారపక్షం కారు కాదు. అందులో సరిగ్గా ఇద్దరే పడతారు. మూడో మనిషికి చోటు లేదు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండో ప్రపంచయుద్ధానికి వెళ్ళిన అమెరికన్ కుర్రాళ్ళు ఇంగ్లండులో ఎం.జి. లాంటి చిన్న చిన్న కార్లు చూశారు. పైకప్పు లేకుండా, నేలను రాసుకుంటున్నట్టు దూసుకుపోయే కార్లు. అప్పటికి వాళ్ళ దేశంలో కార్లంటే పడవలంతేసి ఉండేవి. తిరిగి వస్తూ కొందరు ఆ మోజు వెంటబెట్టుకుని వచ్చారు. జనరల్ మోటార్స్ కంపెనీలో కార్ల రూపురేఖలు తీర్చిదిద్దే విభాగానికి పెద్ద హార్లీ ఎర్ల్. ఇలాంటి కారు మనమే ఎందుకు చెయ్యకూడదని ఆయనకు తోచింది. 1953 జనవరిలో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో కంపెనీ వారు ‘మోటోరామా’ అనే ప్రదర్శన పెట్టి, ఒక తెల్లని కారును జనానికి చూపించారు. లోపల సీట్లు ఎర్రగా మెరుస్తున్నాయి. చిన్నపాటి యుద్ధనౌక పేరు మీద దానికి కార్వెట్ అని పేరు పెట్టారు. చూడ్డానికి జనం విరగబడ్డారు. దాంతో ఆ జూన్ 30న మిషిగన్‌లోని ఫ్లింట్ ఊళ్ళో తయారీ మొదలుపెట్టేశారు.

ఆ ఏడాది చేసినవి 300 కార్లు మాత్రమే. అన్నీ తెలుపే, లోపలంతా ఎరుపే. ఇనప రేకుతో కాక ఫైబర్‌గ్లాసుతో ఒళ్ళు పోతపోశారు. ధర 3,498 డాలర్ల దగ్గర మొదలు. అయితే పెళ్ళిచూపుల్లో అందంగా కనబడిన పిల్ల కాపరానికి వచ్చాక వంటింట్లో ఏం చేస్తుందన్నది వేరే సంగతి కదా! కిటికీలకు అద్దాలు లేవు, తగిలించుకునే తెరలే. తలుపుకు బయట పిడి లేదు, చెయ్యి లోపలికి పోనిచ్చి తియ్యాలి. వాన వస్తే నీళ్ళు లోపలికి కారేవి. ఇంజను చూస్తే మామూలు సంసారుల కార్లలో ఉండే ఆరు సిలిండర్లదాన్నే కాస్త పదును పెట్టారు. వేగంగా పోవాలనుకునేవాడికి ఇది చాలదు, హాయిగా పోవాలనుకునేవాడికి ఆ తెరలూ కారుడూ పనికిరావు. మొదట్లో పెద్దపెద్ద వాళ్ళకే ఇస్తామని ఊరించిన కంపెనీ, 1954లో 3,640 కార్లు చేసేసరికి వాటిలో చాలావాటికి కొనే నాథుడు లేకపోయాడు. 1955లో చేసినవి 700. ఇక దుకాణం కట్టేద్దామా అన్నంత దాకా వచ్చింది.

అప్పుడు దాన్ని బతికించిన మనిషి కథ కారు కథకంటే రసవత్తరంగా ఉంటుంది. ఆయన పేరు జోరా ఆర్కస్ డుంటోవ్. తలిదండ్రులు రష్యన్లు. పుట్టింది 1909లో, బ్రస్సెల్స్‌లో. రష్యాలో విప్లవం చూశాడు, బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివాడు, పారిస్‌లో నాట్యం చేసే ఎల్ఫీ అనే అమ్మాయిని 1939లో పెళ్ళాడాడు. యుద్ధం వచ్చింది. ఆయన ఫ్రెంచి వైమానిక దళంలో చేరాడు. 1940లో జర్మన్లు పారిస్ మీదికి వస్తుంటే ఎల్ఫీ తమ చిన్న ఎం.జి. కారెక్కి, ఒక్కతే తోలుకుంటూ బోర్డో చేరింది. చివరికి భార్యాభర్తలిద్దరూ ఓడెక్కి అమెరికా వచ్చిపడ్డారు.

అలాంటి డుంటోవ్ 1953 మోటోరామాలో కార్వెట్‌ను చూశాడు. ఇంత అందమైన కారును ఎన్నడూ చూడలేదనుకున్నాడు. లోపలి యంత్రం సంగతి తెలిసి నిట్టూర్చాడు. వెంటనే కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ మే నెలలోనే వాళ్ళు ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. కార్వెట్ ఎత్తేద్దామన్న మాట వచ్చినప్పుడు, ఇప్పుడు మానేస్తే ఓడిపోయామని మనమే ఒప్పుకున్నట్టవుతుందంటూ పైవాళ్ళకు ఒక నోటు పంపాడు. ఈలోగా పక్కింటి పోటీ కూడా కలిసొచ్చింది. ఫోర్డ్ కంపెనీ థండర్‌బర్డ్ అనే రెండు సీట్ల కారు తెచ్చి మొదటి ఏడే పదహారు వేలకు పైగా అమ్మింది. ఎదురింటివాళ్ళు కొత్త మేడ కడుతుంటే మన ఇల్లు అమ్ముకుని పోతామా? కార్వెట్ నిలబడింది. 1955లో దానికి ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చింది. 1956లో పైకీ కిందికీ తిప్పుకునే అద్దాలూ, తలుపుకు బయట పిడీ వచ్చాయి. అమ్మయ్య, వానకు భయం తీరింది!

ఇందులో ఆడవాళ్ళ ప్రమేయం ఏముందని అడగకండి. ఉంది. 1956లో ఫ్లోరిడాలోని డేటోనా ఇసుకతీరం మీద కొత్త కార్వెట్ సత్తా లోకానికి చూపించడానికి డుంటోవ్‌తోపాటు బెట్టీ స్కెల్టన్ అనే ఆవిడ కూడా కారు తోలింది. అంతకుముందు ఆమె విమానాలతో ఆకాశంలో పిల్లిమొగ్గలు వేసి మూడేళ్ళు వరసగా మహిళల ఛాంపియన్ అయిన మనిషి. 1958లో రూత్ గ్లెనీ అనే డిజైనరు ‘ఫ్యాన్సీ ఫ్రీ’ అని ఒక కార్వెట్‌ను తీర్చిదిద్దింది. నాలుగు రుతువులకూ నాలుగు రకాల సీటు కవర్లు మార్చుకునే ఏర్పాటు అందులో ఉంది. చీరకు తగ్గ రవిక వెతుక్కునే మనకు ఈ ఊహ ఎక్కడినుంచి వచ్చిందో విడమరిచి చెప్పనక్కర్లేదు. నడుముకు కట్టుకునే బెల్టు తనంతట తాను లోపలికి చుట్టుకునే సదుపాయమూ పెట్టింది. అది ప్రదర్శనకు చేసిన కారుగానే మిగిలిపోయింది. హార్లీ ఎర్ల్ రిటైరయ్యాక, ఆయన చేర్చిన ఆడ డిజైనర్ల బృందమూ చెదిరిపోయింది. కోరిక తీరనివాళ్ళంటే కారు కొనలేనివాళ్ళు మాత్రమే కాదన్నమాట.

1963లో ‘స్టింగ్ రే’ అనే కొత్త రూపం వచ్చింది. దాని కథ విని తీరాలి. వెనక అద్దం మధ్యగా ఒక వెన్నుపూసలాంటి పట్టీ పెట్టి, అద్దాన్ని రెండుగా చీల్చాడు కొత్త డిజైన్ల పెద్ద బిల్ మిచెల్. వెనక వచ్చేది కనబడదు మొర్రో అన్నాడు డుంటోవ్. అందం కోసం ఉండాల్సిందే అన్నాడు మిచెల్. ఇద్దరికీ పెద్ద రగడ అయింది. మిచెల్ మాటే నెగ్గింది కానీ ఒక్క ఏడాదికే. 1964 నుంచి ఒకే అద్దం పెట్టేశారు. కొత్త అద్దమే ఫ్యాషను కదా అని, పాతది కొన్నవాళ్ళలో కొందరు ఆ పట్టీని రంపంతో కోయించి ఒంటి అద్దం బిగించుకున్నారు. ఇవాళ పట్టీ ఉన్న ఆ ఒక్క ఏడాది కారు కోసమే జనం డబ్బు పట్టుకుని తిరుగుతున్నారు. స్టీలు గిన్నెల మోజులో అమ్మమ్మ ఇత్తడి గంగాళం పాతసామాన్ల వాడికి వేసి, తర్వాత వగచినవాళ్ళకు ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది.

ఇంతకీ ఈ పిచ్చి దేశమంతా ఎలా పాకింది? 1960 నుంచి నాలుగేళ్ళపాటు ‘రూట్ 66’ అనే టీవీ సీరియల్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు కార్వెట్ వేసుకుని ఊరూరా తిరుగుతూ దొరికిన పని చేసుకుంటారు. పేరుకు దేశదిమ్మరులేగానీ, వాళ్ళ కారు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది! అది చూసిన ప్రతి పల్లెటూరి కుర్రాడూ గడప దాటి వెళ్ళిపోవడమంటే కార్వెట్‌లోనే అనుకున్నాడు. ఆ మీదట రోదసీయాత్రికులు వచ్చారు. రేసుల్లో పేరు మోసిన జిమ్ రాత్‌మన్ ఫ్లోరిడాలో కార్ల దుకాణం నడిపేవాడు. సర్కారు ఉద్యోగులకు బహుమతి ఇస్తే తప్పు కదా, అందుకని ఏడాదికి ఒక డాలరు అద్దె మీద వాళ్ళకు కార్లు ఇప్పించాడు. 1969లో చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో 12 ముగ్గురూ ఒకే తీరు బంగారు రంగు కార్వెట్లు నడిపారు. జాన్ గ్లెన్ మాత్రం కార్వెట్ వద్దని, అందరూ పట్టే స్టేషన్ వ్యాగన్ తీసుకున్నాడు. ఆయన పిల్లలు గల సంసారి.

అక్కడే ఉంది అసలు కిటుకు. కార్వెట్‌ను కోరుకునే వయసులో చేతిలో డబ్బుండదు. డబ్బు వచ్చే వయసుకు పెళ్ళయి పిల్లలుంటారు. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు? ఇంటి అప్పు, చదువుల ఫీజులు, పళ్ళ డాక్టరు – ఒకదాని వెనక ఒకటి. ఆ ఇంటి ఇల్లాలు పాత వ్యాగనులోనే పిల్లల్ని బడికీ, ఆటలకూ, ఆస్పత్రికీ తిప్పుతుంది. ఆవిడకూ ఏవో కోరికలు ఉండే ఉంటాయి, వాటికి మ్యూజియంలెవరూ కట్టలేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక ఇంట్లో మిగిలేది ఇద్దరే. కారులో ఉన్నవీ రెండే సీట్లు! అందుకే కార్వెట్ దిగేవాళ్ళలో నడుము పట్టుకుని, నెమ్మదిగా దిగే నెరిసిన తలలు అంతగా కనబడతాయి. పక్క సీట్లో నుంచి దిగే ఆవిడది కూడా నెరిసిన తలే. ఆ కారు ఆయన ఒక్కడి కష్టార్జితం కాదు.

ఇక అందరికంటే పెద్ద కోరిక ఎవరిదో చెప్పాలి. కొన్నవాళ్ళది కాదు, చేసినవాడిది. అప్పట్లో కార్వెట్‌లో ఇంజను ముందు ఉండేది. దాన్ని తీసి డ్రైవరు వీపు వెనక, వెనక చక్రాలకు ముందు పెట్టాలన్నది డుంటోవ్ పట్టుదల. నీళ్ళ బిందె చేతులు చాచి ముందుకు పట్టుకుని నడవడానికీ, చంకన పెట్టుకుని నడవడానికీ ఎంత తేడా ఉందో మనకు తెలుసు. బరువు ఒంటికి దగ్గరగా ఉంటే మలుపులో మనిషి తూలడు. కారూ అంతే. చక్రాలకు పట్టు చిక్కుతుంది, తిరగమన్నవైపు చటుక్కున తిరుగుతుంది. 1960లో అలాంటి ప్రయోగపు కారు ఒకటి చేశాడు. 1964లో ఇంకొకటి. 1970లో మరొకటి న్యూయార్కు ప్రదర్శనలో పెడితే జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. కానీ కంపెనీ పెద్దలు ప్రతిసారీ లెక్కలు వేసేవారు. ఖర్చు ఎక్కువ. పాత పద్ధతిలో చేసినవే చక్కగా అమ్ముడవుతుంటే ఉన్నదాన్ని చెడగొట్టుకోవడం దేనికని వాళ్ళ వాదన. అదీ కాదనలేని మాటే. 1975 మొదట్లో, అరవై అయిదేళ్ళ వయసులో, ఆ ఒక్క కోరికా తీరకుండానే డుంటోవ్ రిటైరయ్యాడు.

ఆ తర్వాత ఆయన అలిగి దూరంగా కూర్చోలేదు. 1992 జూలైలో కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లోని ఫ్యాక్టరీలో పది లక్షలో కార్వెట్ తయారైంది. మొట్టమొదటి కారులాగే తెలుపు, లోపల ఎరుపు. ఆ వేడుకకు డుంటోవ్ వచ్చాడు. 1994లో ఆ ఫ్యాక్టరీకి దగ్గర్లోనే కార్వెట్‌కు ఒక మ్యూజియం వెలిసింది. 1996 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. అస్థికలు ఆ మ్యూజియంలోనే ఉంచారు.

2019 జూలై 18న కాలిఫోర్నియాలో కొత్త కార్వెట్‌ను లోకానికి చూపించారు. ఎనిమిదో తరం. ఇంజను డ్రైవరు వీపు వెనకే ఉంది. ధర 60 వేల డాలర్ల లోపు మొదలని చెప్పారు. 2020 ఫిబ్రవరిలో బౌలింగ్ గ్రీన్‌లో తయారీ మొదలైంది. ఆయన పోయిన ఇరవై మూడేళ్ళకు, ఆయన అస్థికలు ఉన్న ఊళ్ళోనే, ఆయన అడిగినట్టే కారు చేశారు.

కోరిక తీరలేదు కనుక ఆ బతుకు వృథా అందామా? తీరని కోరికను పట్టుకునే ఆయన ఉన్న కారును ఏటికేడాది మెరుగు చేశాడు. ఆ మెరుగే ఎందరో కుర్రాళ్ళ కళ్ళలో పడి యాభయ్యేళ్ళు నిలిచింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా పాత క్యాలెండర్లో బొమ్మ చూస్తూ నిట్టూరుస్తుంటే నవ్వి ఊరుకోండి, వెక్కిరించకండి. అలాగే మీ కోరిక ఏదైనా పోపుల డబ్బా అడుగున దాచి ఉంటే, అదేమిటో ఒక్కసారి పైకి చెప్పండి. కారులో సీట్లు రెండు.