తాపీమేస్త్రి వదిలేసిన జాలీ

కమాన్‌పూర్ చుట్టుపక్కల బొగ్గుబాయికి పోయేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బొగ్గు తీసి దారి చేయడం సగం పనే. పైనున్న బండ కుంగకుండా రూఫ్ బోల్టులు బిగించి సపోర్టు నిలిపితేనే తర్వాతి షిఫ్టు లోపలికి దిగేది. గుండె వైద్యులకు ఈ రెండో సగం చేతికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

గుండె నుంచి ఒళ్లంతటికీ నెత్తురు మోసే పెద్ద నాళం బృహద్ధమని. కొందరికి పుట్టుకతోనే అది ఎడమచేతికి పాయ చీలిన చోటు దాటగానే సన్నబడి ఉంటుంది. చేతుల్లో బీపీ ఎక్కువ, కాళ్లలో తక్కువ. గజ్జల్లో నాడి అందీ అందనట్టు కొట్టుకుంటుంది. ఇటలీ వైద్యుడు మోర్గాన్యీ 1760లోనే శవపరీక్షలో ఈ ఇరుకును చూసి రాశాడు. దాన్ని సరిచేసే చెయ్యి మాత్రం 1944 అక్టోబరు 19న గానీ లేవలేదు. ఆ రోజు స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫోర్డ్ పన్నెండేళ్ల పిల్లవాడి ఛాతీ తెరిచి, సన్నబడ్డ ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాడు.

తిరకాసు ఆ కుట్టు దగ్గరే వచ్చింది. పసికందుకు ఆపరేషన్ చేస్తే బిడ్డ ఎదుగుతుంది, కుట్టిన చోటి మచ్చ అంతగా ఎదగదు. కొందరికి అక్కడే మళ్లీ ఇరుకవుతుంది. మచ్చకట్టిన చోట రెండోసారి కత్తి పెట్టడం మరీ కష్టం. 1982 నుంచి తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, లోపల బెలూన్ ఉబ్బించి వెడల్పు చేయసాగారు. బెలూన్ తీయగానే కొన్ని నాళాలు రబ్బరులా మళ్లీ ముడుచుకునేవి. దారి పడింది, సపోర్టు లేదు.

బెలూన్ చికిత్సకున్న ఈ లోటు అర్జెంటీనాలో పుట్టిన డాక్టర్ హులియో పాల్మాజ్‌కు 1978లోనే తట్టింది. ఆ చికిత్సకు ఆద్యుడైన గ్రుంట్‌జిగ్ ప్రసంగం న్యూ ఆర్లీన్స్‌లో విన్నప్పటి నుంచి, నాళాన్ని లోపలి నుంచి నిలబెట్టేదేదని వెతికాడు. జవాబు ఆయన ఇంటి గరాజ్‌లోనే దొరికింది: గోడపనికి వచ్చిన మేస్త్రి వదిలేసిన ఇనుప జాలీ ముక్క. లాగితే కన్నాలు విచ్చుకుని అలాగే ఉండిపోయే జాలీ. ఆ తీరులో ఆయన చేసిన స్టెంట్‌కు, అంటే నాళం లోపల విచ్చుకుని నిలిచే జాలీ గొట్టానికి, 1988లో పేటెంట్ వచ్చింది. 1990ల మొదట్లో అలాంటి స్టెంట్లు బృహద్ధమనిలోకీ చేరాయి.

ఆ దశకంలోనే హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు కలాం-రాజు స్టెంట్ చేయించారు. అది గుండె నాళాల కోసం. అయినా, పరదేశపు జాలీ మన చేతుల్లోనూ తయారవుతుందని తేల్చింది.

ఎదిగే బిడ్డలో స్టెంట్ ఉంటే, కొన్నేళ్లకు దాన్ని పెద్ద బెలూన్‌తో మళ్లీ విప్పాల్సి రావచ్చు. బాయిలో భద్రత చూసే సర్దార్ సపోర్టు ఉంది కదా అని ఊరుకోడు, కప్పును కట్టెతో తట్టి చప్పుడు వింటాడు. చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయినవాళ్లకు ఆ కట్టె బీపీ మిషనే: ఒకసారి చేతికి, ఒకసారి కాలికి, బతికినన్నాళ్లూ.