షామాను శబ్దము – రంగము

సైబీరియా తుంగూజులదైన "షామాను" శబ్దమును పాశ్చాత్యపండితులు లోకములోని పూనకములన్నిటికిని అంటఁగట్టిరి. 1951లో మిర్చా ఎలియాదే దానికొక హద్దు గీచెను: ఆత్మ దేహమును వీడి లోకాంతరమునకుఁ బోవుటయే షామాను లక్షణము, దేవత యొడలిపైకి వచ్చుట వేఱు.

యాప్రాలునకుఁ జేరువనున్న సికిందరాబాదులో, ఉజ్జయినీ మహాంకాళి బోనాల మఱునాఁడు, రంగమున నొక స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యము పలుకును. పలుకునది అమ్మవారే యని భక్తుల విశ్వాసము. ఆమె యాత్మ యెటకో పోయెనని యెవ్వరును అనరు. ఎలియాదే మతమున నామె షామాను గాదు. పూనకమను మన మాటయే యందుకుఁ జాలును.

అయితే గంజాము కొండల సవరలయొద్ద నీ హద్దు నిలువదు. వారి షామాను స్త్రీకిఁ బాతాళమున భర్త కలఁడని వెరియర్ ఎల్విన్ 1955లో వ్రాసెను. ఆమె యాత్మ యచటికి దిగఁగా, విడిచిన దేహమున మృతులు వచ్చి బంధువులతో సంభాషింతురని పియర్స్ విటెబ్స్కీ 1993లో వివరించెను. పోకయు రాకయు నొక్క దేహమందే! ఆ సవరలలోఁ బెక్కురు పిమ్మట బాప్టిస్టులగుటచే నా సంభాషణము సన్నగిల్లినది.