అటక మీది గొట్టాలు

ఇంట్లో ఏసీ చల్లగా రాకపోతే మన నోట మొదట వచ్చే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". టెక్సాస్‌లోని డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వెంట ఈ మాట కూడా సముద్రం దాటింది. అక్కడి ఇళ్లలో ఒక యంత్రం చల్లబరిచిన గాలి డక్టుల గుండా గదిగదికీ వెళ్తుంది. కింద హాల్లో దుప్పటి కావాలనిపిస్తూ, మేడ మీద పడకగది ఉడికిపోతుంటే, తప్పు గ్యాస్‌దనో యంత్రానిదనో తేల్చేయడం తొందరపాటు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. ఏసీ నడిచివచ్చిన చరిత్ర చూస్తే అనుమానం ముందుగా గాలి దారి మీదికే పోవాలి. గాలిని చల్లబరచడం మనిషికి త్వరగానే పట్టుబడింది. దాన్ని కావలసిన చోటికి కావలసినంత చేర్చడం మాత్రం ఇంటి దగ్గరికి వచ్చేసరికి వెనకబడింది.

1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని శాకెట్-విల్‌హెల్మ్స్ ముద్రణాలయంలో వేసవి తేమకు కాగితం ఉబ్బేది, ఆరితే ముడుచుకునేది. ఒక రంగు మీద సరిగ్గా పడాల్సిన మరో రంగు పక్కకు జరిగి బొమ్మ చెడేది. పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్ చల్లటి గొట్టాల మీదుగా గాలిని నడిపి అందులోని తేమను తగ్గించే పథకం గీశాడు. అంటే ఆధునిక ఏసీ పుట్టింది కాగితం కోసం, తేమను అదుపు చేయడం కోసం. మనుషుల సుఖం తర్వాత వచ్చింది. తొలినాటి సినిమా హాళ్లలో చల్లగాలిని నేల దగ్గరి రంధ్రాల్లోంచి వదిలేవారు. చల్లగాలి బరువు కనుక అక్కడే పేరుకునేది. పైవరసల్లో ఉక్కపోత, కింది వరసల్లో పాదాలకు వార్తాపత్రికలు చుట్టుకునే ప్రేక్షకులు! 1922లో లాస్ ఏంజిలస్‌లోని మెట్రోపాలిటన్ థియేటర్ కోసం చేసిన ఏర్పాటులో గాలిని పైనుంచి దించారు. గాలి వచ్చే దిక్కు మారడంతో హాలంతా ఒకే తీరున చల్లబడింది. నాకు ఈ ఘట్టం యంత్రం పుట్టుక కన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది.

ఇళ్ల విషయంలో అంత శ్రద్ధ కనబడదు. అమెరికా ఇళ్లలో గొట్టాలు మొదట చలికాలపు వేడిగాలి కోసం పుట్టాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చాలా ఇళ్లలో చల్లబరిచే యంత్రాన్ని అవే గొట్టాలకు తగిలించారు. ఇక్కడే లెక్క తప్పింది. గది కన్నా ఎంతో వేడిగా ఉన్న గాలిని కొద్దిగా పంపినా చలి పోతుంది. చల్లగాలికి, గదిగాలికి మధ్య తేడా సుమారు 11 డిగ్రీల సెల్సియస్ మాత్రమే కనుక చాలా ఎక్కువ గాలి కావాలి. టెక్సాస్‌లో నేలమాళిగలు అరుదు కాబట్టి డక్టులు అటకెక్కాయి. వేసవి మధ్యాహ్నం ఆ అటకలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. డక్టుల కీళ్ల దగ్గర సందులుంటే చల్లగాలి అటకపాలు. యంత్రానికి తిరిగివచ్చే గొట్టంలో సందుంటే అటకలోని వేడిగాలే లోపలికి చొరబడుతుంది. సాధారణ ఇంట్లో డక్టుల గుండా పోయే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా వృథా అవుతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం అంచనా. ఆ సందులు మూయడానికి జనం దశాబ్దాలుగా నమ్ముకున్నది డక్ట్ టేప్‌ను. 1998లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మ్యాక్స్ షెర్మన్, ఇయన్ వాకర్ రకరకాల అతుకులను వేడికీ చలికీ గురిచేసి పరీక్షిస్తే, డక్టు పేరు పెట్టుకున్న ఆ టేపే ఊడిపోయింది.

యంత్రం చెడిపోదా, గ్యాస్ కారదా అని అడగవచ్చు. రెండూ జరుగుతాయి. కానీ గాలి తగ్గినా, దాన్ని చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) మీద మంచు కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఆ మంచును చూసి గ్యాస్ నింపేస్తే ఫిల్టర్‌కు పట్టిన దుమ్ము అలాగే ఉంటుంది, నలిగిన గొట్టమూ అలాగే ఉంటుంది. ఇంకా పెద్ద యంత్రం పెడితే సరిపోతుందనే వాదనకు బలం ఎక్కువ, ఎందుకంటే అందులో ఓపిక అక్కర్లేదు. "టన్ను" అన్న మాట మంచు వ్యాపారం నుంచి వచ్చింది. ఒక అమెరికన్ టన్ను మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు లాక్కునే వేడి అది. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి నడవాలి. 3 టన్నులకు 1,200, 5 టన్నులకు 2,000. మూడు టన్నులకే ఇరుకైన గొట్టంలో అయిదు టన్నుల గాలి పట్టదు. పైగా అవసరానికి మించిన యంత్రం గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమను పిండేంత సేపు నడవదు. బ్రూక్లిన్‌లో కాగితాన్ని ఉబ్బించిన తేమే ఇక్కడ పరుపులకు పడుతుంది. అందుకే పని తెలిసిన మెకానిక్ గ్యాస్ సిలిండరు దించకముందే ఫిల్టర్ లాగి చూస్తాడు, డక్టుకు చిన్న రంధ్రం పెట్టి లోపలి గాలి ఒత్తిడి కొలుస్తాడు, ఆ తర్వాత నిచ్చెన వేసుకుని అటకెక్కుతాడు.