కల్లు దుకాణము – దాని యజమానులు

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నడుమనున్న రుద్రంగివంటి పల్లెలలో కల్లు దుకాణము నెరుగని పెద్దలుండరు. ఆ దుకాణమున కెవరెవరు యజమానులైరో మీకు విన్నవింపదలచితిని. ఇంగ్లండు పల్లెలలో పానశాల గుమ్మముపై లైసెన్సుదారుని పేరు వ్రాయించుట చిరకాలపు వాడుక; కావున అచ్చటి యజమానుల వరుస తెలియుట సులభము. మన తాటాకు పందిరికి పేరుపలక యెక్కడిది?

కల్లునకొక గుణము కలదు. తెల్లవారుజామున దింపిన లొట్టి పొద్దుగూకులోపలనే పులిసిపోవును. సారా నొకచోట కాచి పీపాలలో దూరము పంపవచ్చును. కల్లు నట్లు పంప వీలులేదు. కనుకనే చెట్టున్న ఊరనే దుకాణము వెలసెను, సర్కారును చెట్టుమీదనే కన్ను వేసెను.

నిజాము రాజ్యమున ఆబ్కారీ హక్కును హర్రాసు వేయుచుండిరి. హెచ్చుగా పాడినవాడు గుత్తదారు. పల్లెవారు వానిని ముస్తేదారనిరి. వానికి చెట్టెక్కుట తెలియనక్కరలేదు, సొమ్ముండిన చాలును. ఫసలీ 1316లో, అనగా 1906–07లో, హైదరాబాదు ఆబ్కారీ చట్టము వచ్చెను. చెట్టు మొలచిన భూమిగల పట్టాదారునకు హక్కే మాలికానా యనుపేర కొంత ముట్టుచుండెను. ఇట్లొక తాటిచెట్టునకు సర్కారు, ముస్తేదారు, పట్టాదారు అని మువ్వురు యజమానులు!

నాల్గవవాడు గౌడు. కాటమయ్యకు మ్రొక్కి, మోకు, ముస్తాదు, గీతకత్తి తీసికొని ఉదయ సాయంకాలములందు ఎక్కువాడతడే. గెల కొనను ప్రతిదినము పలుచగా చెక్కనిచో గాయము ఎండి ధార నిలిచిపోవును. అతడు నాలుగు నాళ్లు చెట్టు విడిచినచో ముస్తేదారు కాగితమెందుకు? మోకు జారినచో పోవు ప్రాణము మాత్రమతనిదే. ఐనను దఫ్తరమున నిలిచినది గుత్తదారు పేరు. నా మట్టుకు నేను గౌడునే దుకాణమునకు మొదటి యజమానిగా నెంచుదును.

చరిత్రకారులు పేరెత్తి వ్రాసిన గౌడు లేకపోలేదు. ఖిలాషాపురపు సర్వాయి పాపన్న కల్లమ్ముకొను కులమువాడని ఖాఫీఖాను ఫార్సీలో వ్రాసెను. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలు అధికారులచే హతుడైనవాడతడు. పేరు వ్రాయించుకొనుట కంతపని చేయవలసివచ్చెను గదా!

1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టముతో పాత హైదరాబాదు చట్టము తొలగెను. అటుపిమ్మట గీత పనివారల సహకార సంఘములు దుకాణములను పొందినచోట్ల, కాగితముపై ముస్తేదారు పేరుండినచోట చెట్టెక్కువారి పేర్లు వరుసగా పడెను.